పాలు ముట్టని పాము

నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై దాటాయి. మస్కట్‌కు వెళ్లే కాగితాల మీద వేలిముద్ర వేశాను, తిరిగి వచ్చే కాగితాల మీదా వేలిముద్రే వేశాను. ఊరికి వచ్చాక సాయంత్రం బడిలో ఒక టీచరమ్మ నా చేత పలక పట్టించింది. ఇది ఇంత ఆలస్యంగా రాయడానికి అదొక కారణం. ఇందులో నా పిల్లలు ఉన్నారు. వాళ్ల గురించి ఇంకొకరికి చెప్పి రాయించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

తొంభైలలో నేను మస్కట్‌లోని ఖురం పేటలో ఒక తెల్లావిడ ఇంట్లో వంటపని చేసేదాన్ని. ఆమె బడిలో టీచరు. ఆమె స్నేహితురాలు దేశం వదిలిపోతూ తన పెంపుడు పామును ఈమెకు ఇచ్చింది. మూరెడుకు పైగా ఉంటుంది, గోధుమరంగు మీద ఎర్ర మచ్చలు. విషం లేనిది. గాజు పెట్టెలో ఇసుక, నీళ్ల గిన్నె, పైన ఒక బల్బు.

పాము వచ్చిన మూడో రోజే మేడమ్ సెలవుకు బయలుదేరింది. గాజుకు ఒక కాగితం అంటించి, "సబ్ లిఖా హై" అంది, అన్నీ అందులో రాశానని. "హా మేడమ్" అన్నాను. చదువు వచ్చని చెప్పి పనిలో చేరాను మరి. ఫ్రీజర్‌లో తెల్ల పొట్లం చూపించి "చూహా" అంది. దానికీ తల ఊపాను. రెండు వారాల్లో వస్తానంది.

ఆ పెట్టె ముందు ఒక్కదాన్నే మిగిలాను. నా పెళ్లైన కొత్తలో మా ఆయన చేలో ఒక పామును కొట్టి చంపాడు. ఆ తరువాత నాకు ఇద్దరు పుట్టారు, ఇద్దరూ దక్కలేదు. చిన్నది పదకొండు రోజులే ఉంది. చివరి రెండు రోజులు రొమ్ము పట్టలేదు. పాము ఉసురు తగిలిందని అత్త అంది. ఇక పాలు నా నోట పెట్టనని, అవి పుట్టకే పోస్తానని మొక్కుకున్నాను. మస్కట్‌లో పుట్ట ఎక్కడిది? పాలు మానడం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఇది నన్ను వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాను. ఇదీ నా చేతిలో పోతే ఆ దోషం ఇక ఎన్నటికీ తీరదు.

అందుకని నాకు తెలిసిందే చేశాను. చచ్చిన ఎలుకను దానికి పెట్టడానికి మనసొప్పలేదు. గిన్నెలో నీళ్లు పారబోసి పాలు పోశాను. రోజూ మూత తీసి ఒక పువ్వు వేసి, వేలితో దాని వీపు తాకి దండం పెట్టుకున్నాను. ఎండల దేశంలో ఇంకా బల్బెందుకని ఆర్పేసి, ఏసీ పెట్టాను.

ఆరో రోజుకు పాము మూలన ముడుచుకుపోయింది. నాలుక కూడా చాచడం లేదు. పాలు విరిగి వాసన కొడుతున్నాయి. చిన్నదాని మూసిన నోరే కళ్ల ముందు కనిపించింది.

కారు కడుగుతున్న డ్రైవర్ భాయ్‌ని లోపలికి పిలిచాను. కడపాయన. ఇంట్లో ఉర్దూ అయినా నాతో తెలుగే మాట్లాడేవాడు.

"భాయ్, ఇది కాస్త చదువు. నా కళ్లద్దాలు పగిలిపోయినాయి."

"నీకు కండ్లద్దాలు ఎప్పుడుండెనక్కా?" అని నవ్వాడు. పెట్టెలోకి చూసి ముక్కు మూసుకున్నాడు. "ఏందిది, పాలా? నువ్వు తాగేది పాల్లేని సులైమానీ టీ, పాముకేమో పాలా?"

"నవ్వింది చాలు గానీ, చదువు."

వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "కొత్త తావంట, భయపడతాదంట. వారం దినాలు తాకొద్దంట, మూత తీసి కదిలించొద్దంట. పగలు బల్బు ఎలగల్ల. ఏసీ గాలి తగలగూడదు. తాగేకి నీళ్లు మటుకే. వారం అయినాక ఎలుక, అదీ వేన్నీళ్లలో మెత్తబెట్టినాక." నా వైపు తిరిగాడు. "అన్నీ తలకిందులు చేసినావు గదక్కా."

"బతుకుతాదా?"

ఈసారి నవ్వలేదు. "ఊపిరి ఆడతాంది. దాన్ని వదిలేసి చూడు" అన్నాడు.

గిన్నె కడిగి నీళ్లు పెట్టాను. బల్బు వేసి, ఏసీ ఆపాను. దాక్కోవడానికి ఒక అట్టపెట్టెకు కన్నం చేసి లోపల ఉంచి, గాజు మీద దుప్పటి కప్పాను. ఏడు రోజులు ఆ గదిలోకి అవసరానికి తప్ప పోలేదు. దండం కూడా గడప ఇవతలి నుంచే.

ఏడో రోజు సాయంత్రం ఎలుకను సంచిలో పెట్టి వేన్నీళ్లలో ఉంచాను. మెత్తబడ్డాక పట్టకారుతో పట్టుకుని కన్నం ముందు ఆడించాను. చెయ్యి నొప్పి పుట్టింది. చాలాసేపటికి తల బయటికి వచ్చింది. నాలుక ఆడింది. చటుక్కున పట్టి, చుట్ట చుట్టుకుంది. ఆ ముద్ద మెడ దాటి, మెల్లగా కిందికి జారేదాకా నేను కదల్లేదు. తరువాత అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. దానికి నా పాలు అక్కర్లేదు. ఏనాడూ అక్కర్లేదు. మరి నేను ఇన్నేళ్లూ ఎవరికి చెల్లించానో తెలియలేదు.

మరునాడు పొద్దున దాని గిన్నెలో నీళ్లు మార్చాను. వంటింట్లోకి వచ్చి టీ పెట్టుకుని, అందులో పాలు పోసి, నిలబడే తాగాను.