సువర్ణమ్మ మేడం బండలాగుడు పాఠం

నిన్న గుత్తి నుంచి బస్సులో వస్తుంటే దారి పక్క చేలోంచి ఈలలు, కేకలు, వాటి మధ్య మైకులో ఎవరిదో బొంగురు గొంతు. కిటికీలోంచి తల బయట పెట్టేసరికి నోటినిండా ఎర్రదుమ్ము. బండలాగుడు పందెం! నాకు ఒళ్లంతా పులకరించింది. బస్సులో అందరూ ఎద్దులను చూశారు. నాకు మాత్రం మా సువర్ణమ్మ మేడం కనిపించింది.

బీఈడీలో ఉండగా నన్ను విడపనకల్లు దగ్గర ఒక హైస్కూలుకు పాఠాలు చెప్పడానికి పంపారు. అక్కడి ఇంగ్లీషు టీచరు ఆమె. పొట్టి మనిషి, గట్టి గొంతు. నా చివరి పాఠం చూసి మార్కులు వేయడానికి కాలేజీ నుంచి పరిశీలకుడు వచ్చాడు. ఆ పాఠం పోతే ఏడాది పోయినట్టే. మళ్లీ చదివించే ఓపిక మా నాయనకు లేదు. ఇంగ్లీషులో విశేషణం ఎక్కడ వాడాలి, క్రియావిశేషణం ఎక్కడ వాడాలి అన్నది ఆనాటి పాఠం. నిర్వచనాలు బోర్డు మీద రాసి వెనక్కి తిరిగితే పిల్లల చెవులన్నీ కిటికీ వైపే ఉన్నాయి. బడి వెనక చేలో పందేనికి ఎద్దులను కడుతున్నారు. నేను మళ్లీ బోర్డు వైపు తిరిగి, రాసిందే దిద్దుతూ నిలబడ్డాను.

వెనక కూర్చున్న మేడం లేచింది. "ఏమప్పా, చెవులు ఆడ పెట్టి కండ్లు ఈడ పెడితే ఎట్ల? పాండి, అందరమూ ఆడికే పోదాం. పాపా, పాఠం నువ్వే చెప్పల్ల!" అంది నాతో. పరిశీలకుడు తేరుకునేలోగా తరగతి ఖాళీ అయిపోయింది.

ఎద్దులు ఇంకా నిలబడే ఉన్నాయి. "ఎద్దు ఎట్లుండాది?" అని భయంభయంగానే అడిగాను. "స్ట్రాంగ్!" "బ్లాక్!" అని పిల్లలు అరిచారు. అంతలో బండ కదిలింది. "ఇప్పుడు ఎట్ల లాగుతాండాది?" "స్లోలీ మేడం! లేదు లేదు, క్విక్లీ! క్విక్లీ!" ఎద్దును గురించి చెప్పే మాట వేరు, అది చేసే పనిని గురించి చెప్పే మాట వేరు అని వాళ్లకు ఇట్టే పట్టుబడింది. వాళ్లతోపాటు నేనూ గంతులేశాను. భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

తిరిగి వచ్చాక పరిశీలకుడు నా ఎదుటే అన్నాడు, "మీరు లేవకపోతే ఈ అమ్మాయి నోరే తెరిచేది కాదు మేడం. పిరికిది. టీచరుగా పనికిరాదు."

మేడం ఊరుకోలేదు. "పిరికిది అని పేరు పెట్టొద్దు సార్. భయంగా మొదలుపెట్టినాది, ధైర్యంగా ముగించినాది. మీరూ చూసినారు కదా. చేసిన పనికి మార్కులెయ్యండి."

ఆయన పెన్ను తీసి, వేసిన మార్కులు కొట్టేసి మళ్లీ వేశాడు. చివరికి పాస్ చేశాడు. నేను మేడం చేతులు పట్టుకుని ఏడ్చేశాను. "ఏడ్చింది చాల్లే పాపా, పో! పిల్లోల్లు సగం మంది పందెం కాడే ఉండారు" అని నన్ను తరిమింది.

ఇప్పుడు నేనూ ఇంగ్లీషే చెబుతున్నాను. మొన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒకావిడ కూతురి ముందే, "మా పాప మొద్దు కదా మేడం" అంది. పాప తల దించుకుంది.

"నిదానంగా చదువుతాదమ్మా. కానీ అర్థం చేసుకుని చదువుతాది" అన్నాను.

పాప తలెత్తి నా వైపు చూసింది. ఆ రోజు మేడం వైపు నేనూ అలాగే చూసి ఉంటాను.