థార్న్‌మౌత్‌లో చూడదగ్గవి

అంకమ్మ ఆ ఉదయం చేట ముందేసుకుని మునగాకు దూస్తోంది. మధ్యాహ్నానికి ఆకు చేటలోనే వాడిపోయింది. ఆమె ఇక లేదు.

దూస్తూ దూస్తూ, "ఒరే రామదాసూ, నా కొడుకు ఊరు చదవరా," అంది. రామదాసు ఆమె అక్క కొడుకు, మారిషస్‌లోని ఆ పల్లె కాంప్ ద మాస్క్‌లో తెలుగు పంతులు.

కొడుకు ఊరంటే ఇంగ్లండులోని థార్న్‌మౌత్. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కొడుకు ముత్తయ్య ఓడలో బొగ్గు వేసే పనికి పోయాడు. ఓడ మునిగి, శవం ఆ పల్లె ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అక్కడే పూడ్చారు. పదేళ్లకు ఆ ఊరి పాదిరీ, ముక్క ఉత్తరమైనా లేకుండా, ఒక చిన్న పుస్తకం పంపాడు: ఊరి చరిత్ర, చూడదగ్గ చోట్లు. ఏటా ముత్తయ్య తిథినాడు అంకమ్మ విస్తరి వేసి, మంత్రాల తరువాత రామదాసు చేత ఆ పుస్తకం తెలుగులో చదివించేది. ఎనిమిది వందల ఏళ్ల చర్చి, రాజుగారి గుర్రం జారిపడ్డ రాతి వంతెన, పిండిమర.

"ఆ గుర్రం ఇంకా లేవలేదా?" అని నవ్వేది.

ఈ ఏడు నవ్వలేదు. మారిషస్ స్వాతంత్ర్యం తేదీ ఖాయమైన నాటి నుంచి రోజూ చదవమనేది.

"మన జెండా ఎగిరితే ఇంగ్లీషువాళ్లకి కోపం రాదట్రా? నా బిడ్డని అక్కడ ఉండనిస్తారా?"

"ఆయో, పిన్నీ! చచ్చినవాణ్ణి ఎవరు వెళ్లగొడతారు?"

"చెరుకు తోటలోంచి బతికున్న మీ బాబాయినే వెళ్లగొట్టారు. చచ్చినవాడికి దిక్కెవర్రా? ఆ ఎనిమిది వందల ఏళ్ల లెగ్లీజ్ పక్కన వాడున్నట్టు రాసుందేమో చూడు."

"లేదు పిన్నీ. ఎన్నిసార్లు చూడను?"

ఆ ఉదయమూ అదే అడిగింది. బడికి ఆలస్యమవుతోందని అతను పిండిమర దగ్గర ఆపేశాడు. "మిగతాది సాయంత్రం," అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. వేళ్లు మాత్రం ఆకు దూస్తూనే ఉన్నాయి.

మూడు వారాలకు జెండా ఎగిరింది. ఊరంతా వీధిలో ఉంటే, రామదాసు పిన్ని పెట్టె సర్దుతూ కూర్చున్నాడు. పుస్తకం చేతికి తగిలింది. చివరి పుటలో బస్సు వేళలుంటాయని అతను ఏనాడూ చదివింది లేదు. ఆ వేళల కింద, చిన్న అక్షరాల్లో ఇలా ఉంది:

"చూడదగ్గవాటిలో ఏడవది: చర్చి వెనక ముత్తయ్య సమాధి. మారిషస్ నుంచి వచ్చాడు. మా ఊరివాడిగానే చూసుకుంటున్నాం."