పాఠం మధ్యలో పడిన శీర్షిక

చోమా ఊళ్ళో చూపులేని పిల్లలకు పాఠాలు చెప్పే లుయాండో హామూంగాకూ చూపు లేదు. చిన్నప్పుడు పొంగు వచ్చి కళ్ళు తీసుకుపోయింది. పాఠాలన్నీ జిల్లా ఉపాధ్యాయులు కలిసి రాసుకునే వికీలో ఉండేవి. కంప్యూటర్ వాటిని చదివి వినిపించేది. ఒక మీట నొక్కితే పెద్ద శీర్షిక నుంచి పెద్ద శీర్షికకు, ఇంకోటి నొక్కితే దాని కింది చిన్న శీర్షికలకు దూకేది. చూపున్నవాళ్ళకు శీర్షిక అంటే లావు అక్షరం. ఆమె పిల్లలకు అదే దారి.

‘పరీక్ష రాసే ముందు’ అనే సలహాల ముక్క ఒకటి ఉండేది. దాన్ని ఒకచోట రాసిపెడితే ప్రతి పాఠంలోనూ అదే కనిపిస్తుంది. దాని శీర్షిక పెద్దది. కొన్ని పాఠాల్లో అది చివర ఉండేది కనుక ఇబ్బంది లేదు. కొన్నింటిలో నడుమ దూరేది. అప్పుడు దాని తర్వాతి చిన్న శీర్షికలన్నీ దాని కిందికే చేరిపోయేవి. ఏ స్థాయి పెట్టినా ఒకచోట కుదిరి ఇంకోచోట చెడేది. అందుకే లుయాండో ఆ ముక్కలోంచి శీర్షికే తీసేసి, ఏ పాఠానికి తగినది ఆ పాఠంలో తానే రాసింది. చలికాలమంతా ఆ పనే. పళ్ళెంలో న్‌షిమా, ఆ మొక్కజొన్న పిండి ముద్ద, చల్లారి గట్టిపడిపోతున్నా లేచేది కాదు.

వానలు మొదలయ్యాక, వికీ బాధ్యత చూసే హాంకొంబోకు పేజీలు ‘ఒక్కో తీరుగా’ కనిపించాయి. రాజధాని లుసాకాలో కూర్చుని పెద్ద శీర్షికను మళ్ళీ ముక్కలో పెట్టాడు. ఆమె ఒక్కో పాఠంలో రాసిన శీర్షికలన్నీ యంత్రంతో తుడిపించేశాడు. ఆమెకు ఒక్క మాటా చెప్పలేదు.

గ్వెంబే లోయ నుంచి వచ్చిన చూల్వె ఆ ఏడు పన్నెండో తరగతి పరీక్ష రాసింది. రాసి వచ్చి టీచరు పక్కన కూర్చుంది.

“టీచర్, కరీబా ఆనకట్ట గురించి అడిగారు. మన పాఠంలో లేదు కదా?”

“ఉంది తల్లీ. నదుల పాఠంలోనే ఉంది.”

“లేదు టీచర్! నదులయ్యాక పరీక్ష సలహాలొచ్చాయి. అవి నాకు కంఠతా వచ్చు కదా, తర్వాతి పెద్ద శీర్షికకు దూకేశాను. అక్కడ గనులు మొదలయ్యాయి.”

లుయాండో చెయ్యి మీటల మీద పడింది. నొక్కి విన్నది. ఆనకట్ట, చేపలు, ముంపు ఊళ్ళు — అన్నీ పరీక్ష సలహాల కింద ఉన్నాయి.

“ఆ ముంపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే కదే మీరు! ఇంట్లో విన్నదైనా రాయకపోయావా?”

“మా తాత ఏడుస్తూ చెప్పేవాడు. అది పాఠం కాదేమో అనుకున్నా టీచర్.”

చూల్వె భూగోళంలో తప్పింది. లుయాండో హాంకొంబోకు ఫోన్ చేసింది.

“నా ముందే తెరిచి ఉంది టీచరమ్మా, చక్కగా కనిపిస్తోంది. ఏం పోయిందని?”

“మీకు కనిపిస్తుందయ్యా. మా పిల్లలకు సగం పాఠం లేకుండా పోయింది.”

“అయ్యో, అంత మాటెందుకు? సరే, చిన్న శీర్షిక చేస్తాలెండి.”

“అలా చేస్తే చివర ఉన్నచోట అది ముందున్న పెద్ద శీర్షిక కిందికి పోయి చెడుతుంది. శీర్షికే వద్దయ్యా అందులో!”

“శీర్షిక లేకపోతే బోసిగా ఉంటుంది కదమ్మా. ఇక్కడ నలుగురం కూర్చుని నిర్ణయించాం.”

ఆ నలుగురిలో కళ్ళు లేనివాళ్ళెవరని అడగబోయి ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చదవమని చూల్వెను బతిమాలింది. “ఈసారి ఇంకేది తప్పిపోతుందో ఎవరికి తెలుసు టీచర్? లేదని తెలిస్తే వెతుక్కుంటాను. ఉందనే తెలియకపోతే?” అంది ఆ పిల్ల. వాళ్ళ మేనమామ వచ్చి చూల్వెను బస్సెక్కించుకుని ఊరికి తీసుకుపోయాడు.

కొత్త పిల్లలు వచ్చారు. శీర్షికల మీద దూకే మీటలను లుయాండో వాళ్ళకు నేర్పలేదు. “మొదటి నుంచి చివరిదాకా, ఏదీ వదలకుండా వినండి. మీకు తెలిసినదైనా సరే” అంది. చూపున్న పిల్లలు మూడు పాఠాలు ముగించేసరికి వీళ్ళు ఒకటి దాటేవారు కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ శీర్షిక తీసెయ్యమని ఎవరికీ చెప్పడం మానేసింది.