మూడు కాపీల లైబ్రేరియన్ గారు

లైబ్రేరియన్ గారు పోయారని లైబ్రరీ అటెండరు వచ్చి చెప్పినప్పుడు నేను ఎవరిదో రేషన్ కార్డు జిరాక్స్ తీస్తున్నాను. "నిద్రలోనేనండి. బాధ పడలేదంట" అన్నాడు. అలాగా అన్నాను. కార్డు తిప్పి రెండోవైపు కూడా తీసి ఇచ్చాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయి ఉంది.

రాజమండ్రిలో ఆయన లైబ్రరీకి సరిగ్గా ఎదురుగా నా జిరాక్స్ షాపు. లైబ్రరీ ఎదురుగా పెడితే బేరానికి లోటుండదనుకున్న నా తెలివికి ఇప్పటికీ నవ్వొస్తుంది. పరీక్షల రోజుల్లో పిల్లలు లావుపాటి పుస్తకాలు పట్టుకుని రోడ్డు దాటేవారు. వాళ్ళ వెనకాలే ఆయన, చెప్పులైనా వేసుకోకుండా. "ఏ పాఠం కావాలమ్మా? అదొక్కటీ తీయించుకో. పుస్తకమంతా తీసేస్తే రాసినాయన ఏం తింటాడు?" అని మెల్లగా చెప్పి, పని కాగానే పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. నా బేరం కూడా ఆ చంకలోనే వెళ్ళిపోయేది. సాయంత్రం మళ్ళీ ఆయనే వచ్చి నా బల్ల మీద కూర్చుని టీ తెప్పించమనేవారు. కోపంగా ఉండాలని చాలాసార్లు అనుకున్నాను. కుదరలేదు.

తొంభైల చివర్లో ఒకరోజు సన్నటి పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చారు. గోదావరిలో చేపలు పట్టుకుని బతికిన ఒకాయన కట్టిన పాటలవి. ఎప్పుడో సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నాడట. ముట్టుకుంటే కాగితం నుసిలా రాలుతోంది. "ఇది బజార్లో ఎక్కడా దొరకదయ్యా. అలాంటి పుస్తకానికి లైబ్రరీ తన వాడకం కోసం మూడు కాపీలు తీసుకోవచ్చు. చట్టం అంతవరకే ఒప్పుకుంది" అన్నారు. ఒక్కొక్క పేజీ ఆయనే రెండు చేతులతో ఎత్తి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు అద్దం మీద పెట్టారు. పాటలు పిల్లలకు నేర్పిస్తానని అప్పటికే ఒక కాలేజీ లెక్చరర్ గారు కాపీ అడుగుతున్నారు.

"నాలుగోది కూడా కొట్టేద్దామండి. ఎవరడుగుతారు?" అన్నాను.

"రాసినాయన తాలూకు వాళ్ళెవరో ఉంటారు. ముందు వాళ్ళనడగాలి."

"వాళ్ళేమన్నా కోర్టుకొస్తారా ఏంటండీ?"

"రారు. రాలేనివాళ్ళ దగ్గరే మరీ జాగ్రత్తగా ఉండాలయ్యా."

ఆ తర్వాత ఆయన ఆదివారాలు రేవుల్లో గడిచాయి. కనబడిన పడవవాళ్ళనల్లా ఆ పాటలాయన గురించి అడిగేవారు. చివరికి ఆ కబురు రావులపాలెం దాటాక ఏటిగట్టు మీద ఉండే ఆ పాటలాయన కూతురికి చేరింది. ఆమే బస్సెక్కి వచ్చింది. వయసు మళ్ళిన మనిషి. లైబ్రరీ గుమ్మం బయటే నిలబడి, "మా నాన్న పుస్తకం మీ కాడ ఉందంట బాబుగారూ. ఒకటి ఇప్పిస్తారా, దణ్ణం పెడతాను" అంది.

ఆయన లేచి నిలబడి తన కుర్చీ ఆమె వైపు జరిపారు. "మీరు మమ్మల్ని అడగడమేంటండీ? ఆ పాటలు మీ సొత్తు. మేమే మిమ్మల్ని అడగాలి" అన్నారు. తోబుట్టువులున్నారా అని కనుక్కున్నారు. తమ్ముడొకడు ఉండేవాడనీ, పెళ్ళి కాకుండానే ఏట్లో పోయాడనీ చెప్పింది. అప్పుడు నన్ను పిలిచి ఆమెకు పుస్తకం మొత్తం తీయించారు. "ఇది మనం తీస్తున్నది కాదు. ఆవిడ తీయించుకుంటున్నారు" అని నాకో పాఠం కూడా చెప్పారు.

మిగతావాళ్ళకు కాపీలు ఇవ్వాలంటే మాత్రం ఆమె అనుమతి కాగితం మీద ఉండాలి. ఆమెకు చదువు రాదు. ఆయన రాసి, నిదానంగా చదివి వినిపించారు. ఆమె అంతా విని, చెయ్యి చెంగు కింద దాచుకుంది.

"పాడుకోమనండి, నాకేం అడ్డు లేదు. ఏలిముద్ర మాత్రం ఎయ్యనండి. ఏం రాసుందో తెలీకుండా ఏసే మా నాన్న పడవ పోగొట్టుకున్నాడు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మంచిపని చేశారండి. మనసొప్పని చోట వేయకూడదు" అన్నారు. లెక్చరర్ గారు కనబడినప్పుడల్లా అడిగేవారు. "ఆవిడ ఇంకా ఇవ్వలేదండి, వచ్చి చదువుకోండి" అని ఈయన అనేవారు. ఆమెను మాత్రం మళ్ళీ అడగలేదు.

ఆమె వస్తూనే ఉండేది, ఎండురొయ్యల పొట్లంతో. ఆయనింట్లో ఉల్లిపాయ కూడా ఆలోచించి తింటారు. అయినా పొట్లం రెండు చేతులా అందుకునేవారు. ఆమె బస్సెక్కాక దాన్ని ఆమడ దూరంలో పట్టుకుని రోడ్డు దాటి నాకిచ్చేవారు. అంతకుముందు ఇద్దరూ వరండాలో కూర్చునేవారు. ఆయన పాట చదివితే, "అక్కడ కాదండి, తెడ్డు లాగినచోట ఆగాలి" అని ఆమె సరిచేసేది. ఆయన బుద్ధిగా మళ్ళీ మొదటినుంచి చదివేవారు.

లైబ్రేరియన్ గారి పెద్దకార్యం అయిపోయాక ఆమె వచ్చింది. ఆయనింటికి వెళ్ళి, అక్కణ్ణించి నేరుగా నా షాపుకి.

"పోయారంట కదా బాబూ."

"పోయారండి."

"ఒక్కసారే అడిగేరు. మళ్ళీ అడిగితే ఏసేద్దావనే అనుకున్నాను. ఆయనడగలేదు." నా బల్ల మీదికి చూసింది. "ఇంకు ఉందా?"

ఆయన రాసిన కాగితం ఎక్కడుందో నాకు తెలియదన్నాను.

"ఏదో ఒకటియ్యి. ఆయన చదివిందే రాయించు."

వద్దని చెప్పేలోపే మెషిన్ ట్రేలోంచి తనే ఒక తెల్లకాగితం తీసుకుంది. బల్ల మీది స్టాంపు ప్యాడ్‌లో బొటనవేలు అద్ది, కాగితం అడుగున గట్టిగా నొక్కి, చెంగుకు తుడుచుకుని, బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది.

ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండమ్మా అని ఆమెకు చెప్పవలసిన మనిషి లేరు. ఫ్యాను గాలికి కాగితం లేస్తోంది. ఇంకు ఇంకా ఆరలేదు. ముద్రకు చెయ్యి తగలకుండా, ఏమీ రాయని పైభాగాన్ని అరచేత్తో అదిమిపట్టుకుని కూర్చున్నాను.