నా చేతికిచ్చిన కవరు

తిరుత్తణిలో లోకల్ రైలెక్కాక, ఎదుటి సీట్లో ఉన్న పాతికేళ్ల యువకుడు ఒక స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. నేను చూస్తున్నానని గమనించి తనే మాట కలిపాడు.

"మా నాయన మెదడక్కా. నడిమధ్య నల్లగా ఉండాది చూడండి, ఆడంతా కరిగిపోయినాది. పోయినేడు సచ్చిపోయినాడు."

"దెబ్బేమైనా తగిలిందా?"

"లేదక్కా. జీన్‌లో తప్పంట. మా తాతకూ ఇట్లే. నాకు రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం అన్నారు డాక్టరు."

ముక్కు, రంగు, జుట్టు తండ్రి నుంచి వస్తాయని తెలుసు. మెదడు ఇలా కరిగిపోవడం కూడా వస్తుందని అప్పటిదాకా తెలియదు.

అతను సంచిలోంచి అంటించిన కవరొకటి తీసి నా చేతిలో పెట్టాడు. "నా బ్లడ్ టెస్టు. డాక్టరు ముందరే తెరవమన్నారు ల్యాబులో, నేనే తీసుకోని వచ్చేసినా. ఇంగ్లీషు నాకూ వస్తాదక్కా, ధైర్యమే లేదు. మీరు చదవండి."

వద్దనాల్సింది. అయినా తెరిచి చదివాను. తండ్రికున్న లోపమే అతనికీ ఉందని రాసుంది.

"నాకర్థం కాలేదు నాయనా, డాక్టర్నే అడుగు" అన్నాను. కాగితం మడిచి కవర్లో పెట్టేశాను.

అతను నా మొహంకేసి కాసేపు చూసి, "అర్థమైందిలేక్కా" అన్నాడు. వెంటనే ఫోన్ తీశాడు. "లతా, యాడుండావు? తిరువళ్లూరు స్టేషన్ కాడికి రా. పెండ్లి పత్రికలు ఇప్పుడే అచ్చుకియ్యొద్దని మీ నాయనకు చెప్పు. ముందు నీతో మాట్లాడల్ల."

తిరువళ్లూరులో నాకు నమస్కారం పెట్టి దిగిపోయాడు. నేనూ దిగవలసింది అక్కడే. ఆ సంగతి గుర్తొచ్చేసరికి రైలు ఆవడి దాటింది.