సూదుల బొమ్మ

మా ఊరు గద్వాల జిల్లాలోని గట్టుకు దగ్గర. ఇంకొంచెం అవతలికి పోతే కన్నడం వినిపిస్తుంది. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, పిల్లల లంగాలు కుడతాను. మిగిలిన ముక్కలు పారేయడం నాకు చేతకాదు. జుట్టుకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు, చిల్లర సంచులు, ఫోను సంచులు కుడుతూ ఉంటాను. గద్వాల చీర జాకెట్టులోంచి వేలెడంత జరీ ముక్క మిగిలినా సంచి మూతికి సరిపోతుంది.

పదో తరగతితో నా చదువు ఆగింది. దారం, మెడపట్టీల్లో వేసే బక్రం గుడ్డ కోసం గద్వాల వెళ్ళినప్పుడల్లా బస్సు వచ్చేదాకా గ్రంథాలయంలో కూర్చుంటాను. నా చదువంతా అక్కడిదే. మా వాడలో మందు సీసా మీద రాసింది చదవాలన్నా, గ్రహణం ఎందుకు పడుతుందో చెప్పాలన్నా నన్నే అడుగుతారు. అది నాకు చాలా గర్వంగా ఉండేది.

అక్కడే, అట్ట ఊడిపోయిన ఒక కుట్టుపని పుస్తకంలో చదివాను. సూదులు గుచ్చుకునే దిండులో దూదికి బదులు వెంట్రుకలు నింపితే, వాటికున్న నూనె వల్ల సూదులు తుప్పు పట్టవట. పక్కన ఒక చిత్రం: పిల్ల ఆకారంలో బొమ్మ, దాని గౌనే దిండు. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు చుట్ట చుట్టి గోడ సందులో దాచి, వెంట్రుకలకు గిన్నెలిచ్చేవాడు వస్తే వాడికి వేయడం మాకు అలవాటు. ఈసారి నేను వేయలేదు. ఎదురింటి పిల్లకు లంగా కుట్టగా మిగిలిన పసుపు పూల ముక్కతో గౌను చేసి, అందులో నా వెంట్రుకలు కూరి, నల్ల గుడ్డతో తల కుట్టాను.

కుడుతున్నంతసేపూ ఆ పిల్ల మిషను పక్కనే నిలబడింది.

“అత్తమ్మా, ఇది నేనేనా?”

“నువ్వే.”

“మరి సూదులు గుచ్చితే నొయ్యదా?”

“బొమ్మకేం నొప్పే, పిచ్చిదానా!” అని నవ్వాను.

ఆ బొమ్మను పుస్తకం చూపించినట్టే చూశాను. ఊరి కళ్ళతో ఒక్కసారి కూడా చూడలేదు.

వానలు పట్టాక పిల్లకు జ్వరం వచ్చింది. ఊళ్ళో డాక్టరు సూదిమందు వేసినా తగ్గలేదు. తల్లీతండ్రీ గద్వాల దవాఖానకు తీసుకుపోయారు. నల్లా దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలైంది. చేతబడికి మావైపు వాడే ‘బాణామతి’ అన్న మాట నా చెవిన పడింది. బిందె నిండకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ మాటకు నేను ఎందుకు భయపడతానో చెప్పాలి. నా చిన్నప్పుడు మా పుట్టింటి వాడలో ఒకామె మంత్రాలు చేసిందని పట్టుకున్నారు. మంత్రం పలకకుండా ఉండాలని ఆమె ముందు పళ్ళు రాళ్ళతో కొట్టి ఊడగొట్టారు. ఆమె మాకు రేగుపళ్ళు ఇచ్చేది. కొట్టినవాళ్ళూ ఆ పళ్ళు తిన్నవాళ్ళే.

మర్నాడు పిల్ల నానమ్మ మా గడపలోకి వచ్చింది. నేను అవ్వ అంటాను.

“పిల్ల లంగ ముక్కలు మిగిలినయా, బిడ్డా?”

“ఎందుకవ్వా?”

“మంత్రమేసే ఒకాయనను అడిగొచ్చిన. పిల్ల బట్ట పరాయి చేతుల ఉందంట. అన్ని ఏరుకొచ్చి ఇంట్ల పెట్టుమన్నడు.”

నా చెయ్యి దానంతటదే సగం కుట్టిన జాకెట్టును లాగి మిషను మీదున్న బొమ్మను కప్పేసింది. ముక్కల సంచి వెతికి రెండు పేలికలు తీసిచ్చాను. అవ్వ వాటిని జానతో కొలిచింది.

“ఇంకో ముక్క ఉండాలె. నువ్వు కోస్తుంటే నేను ఈడనే కూసున్న గద.”

“పారేసిననేమో, అవ్వా.”

“నువ్వా? నువ్వు దారప్పోగు గూడ పారెయ్యవు!”

సాయంత్రం మా ఆయన పత్తి చేను నుంచి రాగానే బొమ్మ చూపించి, జరిగింది చెప్పాను.

“సదువు, ఇంకా సదువు! అందరు లైబ్రరీల పేపరు సదివి వస్తరు, నువ్వు గిది నేర్చుకొచ్చినవ్. పొయ్యిల వెయ్యి.”

“వెంట్రుకలు కాలిన వాసన వాడంత పోతది.”

“పాతిపెట్టు.”

“కుక్క తవ్వి తీస్తే?”

“అయితే నువ్వే నాలుగు దినాలు మీ అమ్మగారింటికి పో.”

“పోతే పారిపోయిందంటరు.”

ఆయన చెంబెడు నీళ్ళు తాగి గుమ్మంలో కూర్చున్నాడు. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. పిల్లకు బొమ్మ తెలుసు. కాస్త తేరుకోగానే, తన బొమ్మకు అత్తమ్మ సూదులు గుచ్చిందని చెప్తుంది. జ్వరం తగ్గితే నాకు భయం. తగ్గకపోతే ఇంకా భయం. పిల్ల బాగుపడాలని కోరుకుంటున్నప్పుడు కూడా అందులో నా ప్రాణం గురించిన కోరిక ఎంతో నాకే తెలియలేదు.

తెల్లారి బొమ్మను సూదులతో సహా తువ్వాలులో చుట్టి, కత్తెర పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. అవ్వ ఒక్కతే జొన్నలు చెరుగుతోంది. తువ్వాలు విప్పి ఆమె ముందు పెట్టాను.

“ఏనిదు?” అని చేట వదిలేసి వెనక్కి జరిగింది. ఆమెది రాయచూరు వైపు. బెదిరితే పుట్టింటి కన్నడం వస్తుంది. “ఏందే ఇది?”

“సూదులు తుప్పు పట్టకుండ, అవ్వా. వెంట్రుకలకు నూనె ఉంటది గద, పుస్తకంల—”

“ఆపు నీ పుస్తకం! ఇప్పు దాన్ని.”

సూదులు ఒక్కొక్కటీ పీకాను. కుట్లు కోస్తుంటే కత్తెర జారి వేలు తెగింది. వెంట్రుకల చుట్ట బయటికి వచ్చింది. అవ్వ దాన్ని ఎండలో పట్టుకుని పాయలు విడదీసి చూసింది. నల్లవాటి మధ్య తెల్లవి మెరిశాయి.

“నీవే ఇవి. నెరిసినయి ఉన్నయి,” అంది. పిల్లవి కావని అప్పుడు ఆమెకు నమ్మకం కుదిరింది. “పిల్ల సూసిందా దీన్ని?”

“చూసింది. నేనేనా అని అడిగింది. నువ్వే అన్న.”

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పసుపు ముక్కను మడిచి ఆ కొంగులోనే ముడి వేసుకుంది.

“పిల్ల వచ్చేదాంక ఇది నా కాడనే ఉంటది. నేనెవరికీ చెప్ప. పిల్ల రాకపోతే మాత్రం…”

సూదులూ వెంట్రుకలూ తువ్వాలులోకి ఏరుకుని ఇంటికి వచ్చాను.

ఆ తర్వాత గద్వాల బస్సు హారన్ వినపడ్డప్పుడల్లా మిషను ఆపేదాన్ని. తలుపు గడియ పెట్టేదాన్ని. పగలు గడియ పెట్టుకుంటే ఏమనుకుంటారోనని మళ్ళీ తీసేదాన్ని. ఒక జాకెట్టుకు కుడి చెయ్యి ఎడమకు కుట్టాను. రేగుపళ్ళామె చివరిదాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేది. నాకు తెలియకుండానే నా చెయ్యి కూడా అక్కడికే పోతుండేది.

డెంగీ అన్నారట. పిల్ల ఇంటికి వచ్చింది. తండ్రి భుజం మీద, చేతికి ప్లాస్టరు గుర్తులతో, ఎండిన చిక్కుడుకాయలా ఉంది. వాడంతా చూడ్డానికి చేరింది. వెళ్ళకపోతే బాగుండదని నేనూ వెళ్ళి వెనక నిలబడ్డాను. పిల్ల అందరినీ దాటి నన్నే చూసింది.

“అత్తమ్మా, నా బొమ్మ యాడుంది?”

“ఏం బొమ్మనే?” అంది నల్లా దగ్గర గుసగుసలాడినామె, నా వైపు తిరిగి.

నేను అవ్వ వైపు చూశాను.

“గుడ్డబొమ్మ. ఎలుకలు కొరికి పారేసినయంట. ఊకో, బిడ్డా, నీరసంల మాట్లాడొద్దు,” అంటూ అవ్వ పిల్లను లోపలికి తీసుకుపోయింది.

కొన్నాళ్ళకు అవ్వే వచ్చి ఆ పసుపు ముక్కను మిషను మీద పెట్టింది.

“పిల్ల ఏడుస్తున్నది. ఏదన్న కుట్టియ్యి. బొమ్మ గాదు.”

జరీ మూతి పెట్టి చిల్లర సంచి కుట్టాను. మిగిలిన పీలికలూ, తెగిన దారాలూ అన్నీ ఆ సంచిలోనే వేసి ఇచ్చాను.

“దారాలు ఎందుకే, పిచ్చిదానా?” అని అవ్వ బోసినోటితో నవ్వింది. ఆ నోరు చూసి నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు ఎవరి ముక్కలు వాళ్ళకే ఇచ్చేస్తున్నాను. వద్దన్నవాళ్ళ ముక్కలతోనే సంచులు కుడతాను. గ్రంథాలయానికి వెళ్ళడం మానలేదు. నా వెంట్రుకలు మళ్ళీ గిన్నెలవాడికే పోతున్నాయి. సూదులు ఒక థర్మాకోల్ ముక్కకు గుచ్చి పెట్టాను. పుస్తకం చెప్పింది నిజమే. ముసురు పట్టిందంటే తుప్పు పడుతున్నాయి.