డబ్బారాయుడి అసలు పేరు

హనుమంతరావుకి కొల్లేటి అంచున మూడెకరాల వరి పొలం ఉండేది. చుట్టుపక్కల చేలన్నీ చేపల చెరువులైపోయి, ఊటనీరు ఎక్కి నాట్లు కుళ్లిపోతుంటే, రెండేళ్లు ఓర్చుకుని ఆ మూడెకరాలూ చేపల వ్యాపారి హర్షవర్ధన్‌కి లీజుకిచ్చాడు. తన పొలంలో తవ్విన చెరువుకి ఇప్పుడు తనే కాపలా. ఇలాంటి రైతులు ఇక్కడ ఊరికి పదిమంది దొరుకుతారు.

చేపల కోసం నీటికాకులూ గూడబాతులూ దిగుతాయి. చాలా చెరువుల మీద నైలాన్ వల కడతారు. పక్షులు అందులో చిక్కుకుని చస్తాయి. హనుమంతరావు ఒప్పుకోలేదు. "వల వద్దండీ, నేను తోలతాను" అని హర్షవర్ధన్‌కి మాటిచ్చి, ఖాళీ నూనెడబ్బా మెడకి తగిలించుకున్నాడు. పొద్దు పొడిచింది మొదలు గట్టు మీద తిరుగుతూ కొడతాడు. గబగబా రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి.

ఆ దెబ్బనే పక్కింటి ఫణికిరణ్ తన పాటల్లోకి ఎత్తుకుపోయాడు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతూ స్నేహితులతో హెవీ మెటల్ బ్యాండు పెట్టాడతను. వాళ్ల పాటల్లో డబ్బారాయుడనే రాక్షసుడు మళ్లీ మళ్లీ వస్తాడు. మొదటి పాటలో పక్షుల్ని తరుముతాడు. రెండోదాంట్లో వాటి మెడలు విరుస్తాడు. మూడోదాంట్లో కొల్లేరంతా తాగేస్తాడు. ఆ కొల్లేటిని తవ్వి పంచుకున్న పెద్దమనుషుల మీద మాత్రం సగం చరణమైనా లేదు. వాళ్లు గట్టు మీద కనబడరు కదా.

గర్జించి పాడే పాట కనక మాటలేవీ హనుమంతరావుకి అర్థం కాలేదు. "మావాడు నా మీద పాట కట్టాడండి" అని టీకొట్టు దగ్గర అందరికీ ఫోన్లో వినిపించాడు.

"పాటాండీ అది? ఇంజను పట్టేసినట్టుంది" అన్నాడు కొట్టతను.

"మీరు ఇంజను వింటున్నారు. లోపల నా డబ్బా వినండి."

బ్యాండు ఏలూరులో పాడిన వారానికే కుర్రాళ్లు బైకులేసుకుని గట్టు మీదికొచ్చారు. "రాయుడూ, ఒక్క మెడ విరిచి చూపించవా?" అంటూ వీడియోలు తీశారు. హనుమంతరావు తెల్లబోయాడు. ఇంటికెళ్లి, ఫోన్లో ఆ పాటల మాటలు చదివి చెప్పమని కూతురు సాయిప్రియని అడిగాడు. రెండో పాట సగంలో ఆమె ఆగిపోయింది.

"చదువమ్మా."

"వద్దు నాన్నా."

భార్య రాజ్యం ఫోను తీసుకుని మిగతాది చదివింది.

మర్నాటి నుంచి అతను డబ్బా ముట్టలేదు. "అది కొడితే నేను వాణ్ణయిపోతానండీ" అన్నాడు హర్షవర్ధన్‌తో. హర్షవర్ధన్ వాదించలేదు. వల తెప్పించాడు.

సంగతి తెలిసి ఫణికిరణ్ వచ్చేసరికి, హనుమంతరావు నడుంలోతు నీళ్లలో నిలబడి, వలలో చిక్కిన గూడబాతు రెక్కని బ్లేడుతో విడిపిస్తున్నాడు.

"బాబాయ్, తప్పయిపోయింది. పక్షులు చావకుండా ఉండటానికే మీరు డబ్బా కొట్టారని నాలుగో పాటలో రాస్తాను."

"అదీ అలాగే అరుస్తారా?"

ఫణికిరణ్ అవునన్నట్టు తల ఊపాడు.

"మరి ఎవరికి వినబడుద్దిరా?" అని, "దిగు. ఆ రెండో రెక్క పట్టుకో" అన్నాడు హనుమంతరావు.

ఫణికిరణ్ దిగి పట్టుకున్నాడు. పక్షి అప్పటికే కదలడం మానేసింది. అయినా హనుమంతరావు దారాలు ఒక్కొక్కటే కోస్తూనే ఉన్నాడు. అవతలి మూల ఇంకో రెండు పక్షులు వేలాడుతున్నాయి.